వేడి చాయ్, ఐస్ నీళ్లు: జిర్కోనియా క్యాపా, మెటల్ సిరామిక్ క్యాపా?

నాంపల్లిలో పొగలు కక్కే ఇరానీ చాయ్ తాగి, వెంటనే ఐస్ నీళ్లు తాగితే పంటి క్యాపు వదులైపోతుందేమోనని అమ్మకు ఒకటే టెన్షన్. లెక్క చూస్తే అంత భయం అక్కర్లేదు. 10 మిల్లీమీటర్ల వెడల్పున్న జిర్కోనియా (తెల్లటి గట్టి సిరామిక్) క్యాపు 50 డిగ్రీల తేడాకు సాగేది దాదాపు 5 మైక్రాన్లే. మెటల్ సిరామిక్ (లోపల లోహం, పైన పింగాణీ పూత) అయితే 7. తల వెంట్రుక అంతకంటే ఎన్నో రెట్లు మందం.

అసలు కథంతా ల్యాబు కొలిమిలో జరుగుతుంది. జిర్కోనియాను ముందు పెద్దగా చెక్కి, 1500 డిగ్రీల దగ్గర కాలుస్తారు. అప్పుడది సుమారు 20 శాతం కుంచించుకుపోతుంది. ఆ అంచనా తప్పితే క్యాపు సరిగ్గా కూర్చోదు. మెటల్ సిరామిక్‌లో చల్లారేటప్పుడు లోహం, పింగాణీ సమానంగా ముడుచుకోకపోతే పైపూత పెచ్చులూడే ప్రమాదం ఉంది. అమ్మ పాత క్యాపు అంచున నాలుకకు తగిలే గరుకు చోటు చూశాక నాకు జిర్కోనియా మీదే మొగ్గు. పైగా లోహం వేడిని త్వరగా లోపలికి పంపుతుంది, నరం బతికున్న పంటికి జివ్వుమంటుంది.