పీఏ స్కూల్‌కి ఆన్‌లైన్ డిగ్రీనా, క్యాంపస్ డిగ్రీనా: ఏది మేలు?

"అక్కా, డిగ్రీ ఆన్‌లైన్‌లో చేస్తే పీఏ స్కూల్ వాళ్లు తీసుకుంటారా?" అమెరికాలో ఉన్న మనవాళ్లు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇదే. పీఏ అంటే ఫిజీషియన్ అసిస్టెంట్, డాక్టర్లతో కలిసి రోగుల్ని చూసి వైద్యం చేసే ఉద్యోగం. డిగ్రీ అయ్యాక ఆ చదువు చెప్పేదే పీఏ స్కూల్. అడిగేవాళ్లలో ఎక్కువమంది పెళ్లయి హెచ్4 (హెచ్1 వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద వచ్చి, పిల్లలు బడికి వెళ్లే వయసొచ్చాక మళ్లీ చదువు మీద మనసు పడ్డవాళ్లు. ఇంటర్లో బైపీసీ చదివి, ఎంసెట్‌లో ర్యాంకు రాక బీకామో బీసీఏనో చేసి సర్దుకున్నవాళ్లూ ఉంటారు. నేనూ ఆ బాపతే. ఈ మధ్యే నా దారి తేల్చుకున్నాను కాబట్టి చెబుతున్నాను.

సూటిగా చెప్పాలంటే, తీసుకుంటారు. అరిజోనా స్టేట్ లాంటి యూనివర్సిటీ ఆన్‌లైన్‌లో చదివినవాళ్లకి కూడా క్యాంపస్ పిల్లలకిచ్చే పట్టానే ఇస్తుంది, దాని మీద ఆన్‌లైన్ అన్న మాట ఉండదు. చూసుకోవాల్సింది అక్రెడిటేషన్, అంటే కాలేజీకి ఉన్న గుర్తింపు. ఫెడరల్ విద్యాశాఖ 2020లోనే రీజినల్, నేషనల్ అనే తేడా తీసేసింది. అయినా చాలా పీఏ స్కూళ్ల నిబంధనల్లో 'రీజినల్లీ అక్రెడిటెడ్' అన్న మాట ఇంకా అలాగే ఉంది. అది లేని కాలేజీ ఎంత చవకైనా వద్దు.

అంటే డిగ్రీ దగ్గర పెద్ద తేడా లేదు. అసలు తేడా ల్యాబుల దగ్గర వస్తుంది. నా లెక్కలో మొత్తం నిర్ణయం అక్కడే తేలిపోవాలి.

అనాటమీ అండ్ ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, చాలాచోట్ల ఆర్గానిక్ కెమిస్ట్రీ కూడా ల్యాబుతో కలిపి అడుగుతారు. ప్రోగ్రాములకి గుర్తింపునిచ్చేది ఆర్క్-పీఏ అయినా, మీరు ముందు చదివి రావాల్సిన కోర్సులు, వాటి ల్యాబులు ఎలా చేసి ఉండాలన్నది ఏ స్కూల్‌కి ఆ స్కూలే నిర్ణయించుకుంటుంది. కోవిడ్ రోజుల్లో క్యాంపస్‌లన్నీ మూతపడ్డాయి కాబట్టి ఆన్‌లైన్ ల్యాబుల్ని ఒప్పుకోక తప్పలేదు. తర్వాత కొన్ని స్కూళ్లు అదే కొనసాగించాయి, కొన్ని మళ్లీ 'ల్యాబులో స్వయంగా నిలబడి చేసిందే కావాలి' అంటున్నాయి. కొన్ని అనాటమీకి ఒక రూలు, స్టాటిస్టిక్స్‌కి ఒక రూలు పెడతాయి.

ఆన్‌లైన్ ల్యాబ్ అంటే ఇంటికి ఒక కిట్ వస్తుంది. అందులో మందులో ఊరబెట్టిన గొర్రె గుండె లాంటివి ఉంటాయి, వీడియో చూసుకుంటూ మనమే కోయాలి. వంటింటి బల్ల మీద ఆ పని చేస్తుంటే అత్తగారు ఏమంటారన్నది వేరే సంగతి. నేర్చుకోవడానికి అది పనికిరాదని నేననను. కానీ అలా చేసిన ప్రతి ల్యాబూ మీరు అప్లై చేయగలిగే స్కూళ్ల జాబితాని కాస్త కుదిస్తుంది. అసలే సీట్లు తక్కువ, ఒక్కొక్కరు పది పన్నెండు స్కూళ్లకి అప్లై చేసే వ్యవహారం. అందులో కొన్ని తలుపులు మనంతట మనమే మూసుకోవడం నాకు నచ్చలేదు. పైగా పీఏ స్కూల్ మొదటి సెమిస్టర్‌లోనే అనాటమీ మీద పడుతుంది, చాలాచోట్ల శవాల మీద డిసెక్షన్‌తో సహా. ల్యాబులో నిలబడ్డ అలవాటు ఉంటే అప్పుడు టెన్షన్ కొంత తగ్గుతుంది.

క్యాంపస్‌కి ఉన్న ఇంకో లాభం సిఫారసు ఉత్తరాలు. సైన్స్ ప్రొఫెసర్ ఉత్తరం కావాలనే స్కూళ్లున్నాయి. తెర మీద పేరు తప్ప మనిషి తెలియని స్టూడెంట్ గురించి ఆయన మాత్రం ఏం రాస్తాడు?

మరి ఆన్‌లైన్ ఎందుకంటే, రోగుల దగ్గర పనిచేసే గంటల కోసం. వెయ్యి గంటలు కావాలనే స్కూళ్లు బోలెడు, అంతకంటే ఎక్కువ అడిగేవీ ఉన్నాయి. మెడికల్ అసిస్టెంట్‌గానో, సీఎన్‌ఏ (నర్సులకి సాయం చేసేవాళ్లు)గానో, ఈఎంటీ (అంబులెన్సులో పనిచేసేవాళ్లు)గానో వారానికి 36 గంటలు చేస్తే వెయ్యి గంటలు ఏడు నెలల లోపే అయిపోతాయి. పగలు క్లాసులుండే క్యాంపస్ చదువుతో, అందులోనూ పిల్లలతో, ఆ పని జరగదు. ఈఏడీ (ఉద్యోగానికి అనుమతి కార్డు) లేని హెచ్4 వాళ్లకి మాత్రం జీతం తీసుకుని పనిచేసే వీల్లేదు కాబట్టి ఈ లాభం చేతికి రాదు. ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నవాళ్లకి ఈ చర్చే అక్కర్లేదు. ఫుల్‌టైమ్ లెక్కలోకి టర్ముకి ఒక్క ఆన్‌లైన్ క్లాసే వస్తుంది, వాళ్లు క్యాంపస్‌కి వెళ్లాల్సిందే. వీసా మీద ఉన్నవాళ్లని అసలు తీసుకోని పీఏ స్కూళ్లూ ఉన్నాయి, అది ముందే చూసుకోండి.

మార్కుల సంగతి రెండు దారుల్లోనూ ఒకటే, కానీ తెలియక దెబ్బతినేవాళ్లు చాలామంది. కాలేజీ వాళ్లు రెండోసారి వచ్చిన గ్రేడుతో పాతది మార్చినా, కాస్పా (పీఏ స్కూళ్లకి అప్లై చేసే ఉమ్మడి పోర్టల్) రెండింటినీ లెక్కేస్తుంది. నాలుగు క్రెడిట్ల కెమిస్ట్రీలో ఎఫ్ వచ్చి, మళ్లీ చదివి ఏ తెచ్చుకున్నా ఆ రెంటి సగటు 2.0. హైస్కూల్లో ఉండగా డ్యూయల్ క్రెడిట్ పేరుతో తీసుకున్న కాలేజీ కోర్సులూ లెక్కలోకి వస్తాయి. పిల్లల చేత ఎడాపెడా అవి తీసుకోనిచ్చే తల్లిదండ్రులు ఇది గుర్తుపెట్టుకుంటే మంచిది.

వెస్టర్న్ గవర్నర్స్ లాంటి పాస్-ఫెయిల్ పద్ధతి కాలేజీలు చవక, త్వరగానూ అయిపోతాయి. కానీ గ్రేడు లేని కోర్సు కాస్పా జీపీఏలోకి రాదు. సైన్స్ జీపీఏ చూపించుకోవాల్సిన చోట అది ఉపయోగపడదు. ఇండియా డిగ్రీ ఒక్కటే పట్టుకుని వెళ్దామంటే, నాలుగేళ్ల బీఫార్మసీ, ఐదేళ్ల బీడీఎస్ వాళ్లకి ఇవాల్యుయేషన్ (ఇండియా డిగ్రీ ఇక్కడ దేనికి సమానమో తేల్చడం) తర్వాత దారి ఉంది. మూడేళ్ల డిగ్రీని అందరూ ఒప్పుకోరు. ఎలాగైనా సైన్స్ కోర్సులు ఇక్కడ చేయమనే స్కూళ్లే ఎక్కువ.

నేను ఎంచుకున్నది కలగాపులగం దారి. డిగ్రీ ఒక స్టేట్ యూనివర్సిటీలో ఆన్‌లైన్, ల్యాబున్న సైన్స్ కోర్సులు మాత్రం ఇంటి దగ్గరి కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం బ్యాచ్. ఫీజు తక్కువ, క్లాసు చిన్నది, ప్రొఫెసర్‌కి నా ముఖం తెలుసు. కమ్యూనిటీ కాలేజీ కోర్సుల్ని చిన్నచూపు చూసే స్కూళ్లు కొన్ని ఉన్నాయంటారు కానీ, ఇంట్లో గొర్రె గుండె కోసిన ల్యాబుతో పోలిస్తే నాకు ఇదే భయం తక్కువగా అనిపించింది. పద్దెనిమిదేళ్ల పిల్లలకి, అదీ అమ్మానాన్నల ఇంట్లో ఉండి వెళ్లే దూరంలో యూనివర్సిటీ ఉంటే, క్యాంపసే చెబుతాను.

ఏ దారైనా, సైన్స్ కోర్సుకి ఫీజు కట్టేముందు మీకు కావాల్సిన నాలుగైదు స్కూళ్ల అడ్మిషన్ ఆఫీసులకి మెయిల్ పెట్టి రెండు విషయాలు అడగండి: ఫలానా కాలేజీలో ఈ ల్యాబ్ చేస్తే చెల్లుతుందా, ఈ కోర్సు ఎన్నేళ్ల వరకు పనికొస్తుంది? ఐదేళ్లనే స్కూళ్లు కొన్ని, పదేళ్లనేవి కొన్ని. జవాబు ఫోన్లో వద్దు, మెయిల్లోనే తీసుకుని దాచుకోండి.