డెబియన్ 12తో రెండేళ్లు: తెగిన వై-ఫై, తెగని చిట్టా

మా నాన్నగారికి కిరాణా కొట్టు ఉండేది. గల్లాపెట్టె పక్కన పొడుగాటి చిట్టా ఒకటి ఎప్పుడూ తెరిచే ఉండేది. పంచదార అమ్మినా, కిరసనాయిలు పీపా దిగినా, ఎవరికైనా చేబదులు ఇచ్చినా, జరిగింది జరిగిన వరసలో అందులో ఎక్కేది. రాత్రి కొట్టు కట్టేశాక ఎవరి ఖాతా వారికి విడదీసి ఆవర్జాలో రాసుకునేవారు. లెక్క తేడా వచ్చిన రోజు మాత్రం ఆవర్జాను పక్కకు నెట్టి చిట్టానే తిరగేసేవారు. ఏది దేని తరువాత జరిగిందో అందులోనే తెలుస్తుందనేవారు.

రెండేళ్లుగా వాడుతున్న డెబియన్ 12 అనే ఆపరేటింగ్ సిస్టం (కంప్యూటర్‌ను నడిపించే మూల సాఫ్ట్‌వేర్) గురించి రాయడానికి కూర్చుంటే ముందుగా ఆ చిట్టాయే గుర్తుకొచ్చింది. నేను రిటైరైన లెక్కల మాస్టారిని. తెనాలిలో ఇంటి నుంచే సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా పదో తరగతి, ఇంటర్ పిల్లలకు ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతాను. 2017లో కొన్న ల్యాప్‌టాప్ మీద మొదట డెబియన్ 11 ఉండేది. 2024 సంక్రాంతి సెలవుల్లో 12కి మారాను. అది ఉచితమని, నిదానంగా మారుతుందని, పాత యంత్రాల మీద కూడా నడుస్తుందని అందరికీ తెలుసు కాబట్టి వాటి జోలికి పోను. నాకు చెప్పాలని ఉన్నది దానిలోని లాగ్ గురించి. కంప్యూటర్ లోపల జరిగిందంతా గంటలు, నిమిషాలు, సెకన్లతో రాసిపెట్టే పద్దు అది. నా మట్టుకు అది చిట్టాయే.

అప్‌గ్రేడ్ ఇబ్బంది లేకుండా జరిగింది. భోగి రోజు పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం భోజనానికి ముందే అయిపోయింది. సిస్టంకు గుండెలాంటి కెర్నల్ 5.10 స్థానంలో 6.1 వచ్చింది. ఫైళ్లన్నీ ఉన్నచోటే ఉన్నాయి. హైదరాబాదులో ఉన్న మేనల్లుడికి ఫోను చేసి, ‘‘చూశావా, చుక్క తొణకలేదు’’ అన్నాను. ‘‘పండగ పూట కంప్యూటర్ ఎందుకు మామయ్యా’’ అన్నాడు వాడు.

కనుమ వెళ్లిన మర్నాడు పాఠాలు మొదలయ్యాయి. ఆరుంపావుకల్లా తెర మీద పిల్లల ముఖాలు బిగుసుకుపోయాయి. రెండు నిమిషాలకు వై-ఫై దానంతట అదే తిరిగి వచ్చింది. ‘‘మాస్టారూ, మీరు ఆగిపోయారు’’ అన్నారు. మళ్లీ పావుగంటకు అదే వరస. రెండు గంటల్లో ఆరుసార్లు తెగింది. ఒక పిల్లవాడు ప్రతిసారీ నేను ఎక్కడ ఆగానో గుర్తుపెట్టుకుని, ‘‘కాస్ థీటా దగ్గరండీ’’ అని అందించేవాడు. వాడు లేకపోతే ఆ నెలంతా సైన్ థీటాతోనే సరిపోయేది.

అందరిలాగే నేనూ ముందు నెట్ ఇచ్చేవాళ్ల మీద పడ్డాను. వారి కుర్రవాడు పొద్దున పదకొండు గంటలకు వచ్చాడు. ఫోనులో చూపించాడు, వేగం నిండుగా వస్తోంది. ల్యాప్‌టాప్‌లో చూపించాడు, అక్కడా బాగానే ఉంది. ‘‘లైనులో దోషం లేదు మాస్టారూ, మీ సిస్టంలోనే ఏదో ఉంది’’ అన్నాడు. ‘‘సంక్రాంతి ముందు దాకా ఇదే సిస్టం కదా నాయనా’’ అన్నాను కాస్త గట్టిగానే. మూడోసారి పిలిచినప్పుడు నా పోరు పడలేక రౌటర్ మార్చేశాడు. ఆ మూడుసార్లూ అతను పొద్దున పూటే వచ్చాడని, నాకు నెట్ తెగేది సాయంత్రమేనని అప్పుడు తట్టలేదు. నలభై ఏళ్లు పిల్లలకు ‘దత్తాంశం పూర్తిగా రాసుకోండి’ అని చెప్పినవాణ్ణి.

అనుమానం అప్‌గ్రేడ్ మీదికి మళ్లింది. ఇలాంటి రోగానికి ఎవరిని అడిగినా మొదట చెప్పే మందు వై-ఫై పవర్ సేవింగ్ ఆపేయమని. బ్యాటరీ ఆదా కోసం వై-ఫై చిప్పు మధ్యమధ్య కునుకు తీస్తుంది. ఆ కునుకులో రౌటర్ పిలుపు వినబడకపోతే సంబంధం తెగవచ్చు. నెట్ సంబంధాలు చూసుకునే నెట్‌వర్క్ మేనేజర్ సెట్టింగుల ఫైల్లో ఆ విలువను 2 చేస్తే కునుకు బంద్, 3 చేస్తే కునుకుకు అనుమతి. 2 చేశాను. ఆ రోజు నాలుగుసార్లే తెగింది. ఆరు నాలుగైందని సంబరపడి, ఇదే మందని ఇద్దరు తోటి మాస్టార్లకు చెప్పాను కూడా. మర్నాడు ఏడుసార్లు తెగింది. వారికి ఆ సంగతి చెప్పలేదు.

తరువాత ఫర్మ్‌వేర్. వై-ఫై చిప్పులోకి ప్రతిసారీ కంప్యూటర్ లేచేటప్పుడు ఎక్కించే చిన్న ప్రోగ్రామ్ ఇది. సోర్సు, అంటే ప్రోగ్రామ్ అసలు రాత, బయటపెట్టని ఇలాంటి ఫర్మ్‌వేర్‌ను డెబియన్ చాలా ఏళ్లు తన అధికారిక ఇన్‌స్టాలర్‌లో చేర్చుకోలేదు. 2022లో సభ్యులు ఓటింగు పెట్టుకుని చేర్చాలని తీర్మానించారు, 12తో అది అమలైంది. దానికోసం అలాంటి ఫర్మ్‌వేర్ ప్యాకేజీల్లో చాలావాటిని ఒక కొత్త విభాగంలోకి మార్చారు. కొత్తగా వేసుకునేవారికి ఇది వరమే. 11 నుంచి వచ్చేవారు మాత్రం ప్యాకేజీలు తెచ్చుకునే చోట్ల జాబితాలో ఆ కొత్త విభాగం పేరు తామే చేర్చుకోవాలి, లేకపోతే ఫర్మ్‌వేర్ పాతదే ఉండిపోతుంది. విడుదల పత్రంలో ఇది స్పష్టంగా రాసి ఉంది. నేను చదవలేదు. ప్రశ్నపత్రం రెండుసార్లు చదవందే పెన్ను ముట్టుకోవద్దని ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. కాబట్టి చుక్క తొణకలేదన్న నా మాటను కొంచెం సవరించుకోవాలి. తొణికింది, నేను చూడలేదు.

విభాగం చేర్చి కొత్త ఫర్మ్‌వేర్ తెచ్చుకున్నాక ఒక బాధ తీరింది. మూత మూసి తెరిచినప్పుడు అప్పుడప్పుడు వై-ఫై దొరక్కుండా పోయేది, అది మళ్లీ రాలేదు. సాయంత్రపు కోతలు మాత్రం ఆగలేదు.

ఇంకో మంచి సదుపాయం కూడా వాడి చూశాను. అప్‌గ్రేడ్ చేశాక పాత కెర్నల్ వెంటనే పోదు, కంప్యూటర్ లేచేటప్పుడు వచ్చే మెనూలో దాన్ని ఎంచుకోవచ్చు. ఒక సాయంత్రం పాత 5.10తో లేపి పాఠం చెప్పాను. అయిదుసార్లు తెగింది. బుద్ధి ఉన్నవాడు అక్కడే కొత్త కెర్నల్ నిర్దోషి అనుకోవాలి. నేనేమో అప్‌గ్రేడ్ దేన్నో తిరిగిరాకుండా పాడుచేసిందని, పాత కెర్నల్ కూడా దానికి బలైందని అనుకున్నాను.

చివరికి ఫిబ్రవరిలో ఒక రాత్రి, పాఠం అయ్యాక, విసుగుతో లాగ్ తెరిచాను. అంతకుముందు కూడా చూశాను గానీ వై-ఫైకి సంబంధించిన పంక్తులను మాత్రమే ఏరుకుని చూసేవాణ్ణి. అంటే ఆవర్జా చూస్తున్నానన్నమాట. ఆ రాత్రి ఏ వడపోతా లేకుండా ఆరు నుంచి ఎనిమిది దాకా అన్నీ వరసగా చదివాను.

మొదట కనబడింది తెగిన కారణం. ప్రతి కోత దగ్గరా ‘కారణం 4’ అనీ, దాని పక్కన ‘స్థానికంగా పుట్టినది: 1’ అనీ అర్థమిచ్చే ఇంగ్లిష్ పంక్తి. కారణాలకు ఇలా అంకెలుంటాయి. 4 అంటే అవతలివైపు నుంచి చప్పుడు లేనందుకు సంబంధం వదిలేయడం. రెండోదే అసలు ముక్క. వదిలేసింది రౌటర్ కాదు, నా ల్యాప్‌టాపే. రౌటర్ సుమారు సెకనుకు పదిసార్లు ‘నేనిక్కడున్నాను’ అని చాటింపు వేస్తూనే ఉంటుంది. అది వినబడక నా యంత్రమే విసిగి వదిలేసింది. పాపం ఆ కుర్రవాడి చేత రౌటర్ మార్పించాను.

ఇంకా పైకి వెళ్తే, 6 గంటల 2 నిమిషాలకు వేరే పంక్తి ఉంది. సూపర్‌స్పీడ్ యూఎస్‌బీ, అంటే యూఎస్‌బీ 3, పరికరం ఒకటి తగిలిందని. 6:05కు నేను పాఠం రికార్డింగ్ మొదలుపెట్టాను. 6:07కు మొదటి కోత. ముందు రోజుది తెరిచాను. యూఎస్‌బీ పంక్తి, అయిదు నిమిషాల్లో కోత. ఆ ముందు రోజూ అంతే. ఒక ఆదివారం పాఠం లేదు గానీ నాలుగు గంటలు వార్తలు చూశాను. యూఎస్‌బీ పంక్తీ లేదు, కోతా లేదు.

ఆ పరికరం నా బయటి హార్డ్ డిస్కు. అప్‌గ్రేడ్‌లో ఏమైనా పోతే ఎలాగని, ఫైళ్లన్నీ దాచుకోవడానికి సంక్రాంతి ముందు వారమే కొన్నాను. పండగ తరువాత ఖాళీగా ఎందుకని పాఠాల రికార్డింగులు దాని మీదికే పంపడం మొదలుపెట్టాను. జాగ్రత్త కోసం తెచ్చిన డిస్కే దొంగ. దానితోపాటే వచ్చినందుకు అప్‌గ్రేడ్ మాట పడింది.

డిస్కుకూ వై-ఫైకీ సంబంధం ఏమిటని నేనూ అనుకున్నాను. ఇది తెలిసిన జబ్బే. యూఎస్‌బీ 3 తీగలో సమాచారం పరుగెత్తేటప్పుడు పుట్టే రేడియో రొద నా వై-ఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో కూడా పరుచుకుంటుంది. ఆ డిస్కు, దాని తీగ, ల్యాప్‌టాప్ యాంటెన్నాకు దగ్గరగా ఉంటే రౌటర్ చాటింపు ఆ రొదలో మునిగిపోతుంది. ఇంటెల్ సంస్థ 2012లోనే దీని మీద ఒక పత్రం ప్రచురించింది. ఫోను బాగా పనిచేసింది ఎందుకంటే దాని పక్కన డిస్కు లేదు. పొద్దున వచ్చిన కుర్రవాడికి ఏమీ దొరకలేదు ఎందుకంటే పొద్దున డిస్కు బీరువాలో ఉంటుంది.

అయినా వెంట వెంట జరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని లెక్కల మాస్టారు ఒప్పుకోకూడదు. డిస్కును మూడు సాయంత్రాలు ఎడమవైపు నీలం రంగు పోర్టులో, మూడు సాయంత్రాలు కుడివైపు నల్ల పోర్టులో పెట్టి చూశాను. నీలం యూఎస్‌బీ 3, నల్లది యూఎస్‌బీ 2. నీలంలో పదిహేడు కోతలు, నలుపులో సున్నా. నల్ల పోర్టు వేగం సెకనుకు 480 మెగాబిట్లే గానీ నా గొంతు, పలక మీది రాత రికార్డు కావడానికి అది ఎక్కువే. 5 గిగాహెర్ట్జ్ వై-ఫైకి మారినా ఈ తిప్పలు తప్పేవి. కానీ రౌటర్ ముందుగదిలో, నేను వెనకగదిలో, మధ్య పాతకాలపు మందపాటి గోడ. 5 గిగాహెర్ట్జ్ సంకేతం నా బల్ల దాకా వచ్చేసరికి నీరసపడిపోతుంది. కొత్త ఫ్లాట్లలో ఉండేవారు ముందు అదే ప్రయత్నించవచ్చు.

లాగ్‌ను ఇంత పొగిడాను గనుక దాని లోపాలూ చెప్పాలి. అందులో ఎర్రగా మెరిసే పంక్తులు చాలా ఉంటాయి, వాటిలో ఎక్కువ భాగం పట్టించుకోనక్కర్లేనివి. మొదటి రోజు నేను బ్లూటూత్ గురించిన ఒక ఎర్ర పంక్తి వెంట గంటన్నర తిరిగాను, అది ఎప్పుడూ ఉండేదేనట. భాష పొడి ఇంగ్లిష్. చదవాలంటే ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌తో కొంత చనువు ఉండాలి, మా ఆవిడకు చూపిస్తే మందుల చీటీలా ఉందంది. డిస్కులో చోటు కూడా తింటుంది, మామూలు అమరికలో పదో వంతు దాకా, నాలుగు గిగాబైట్లు మించకుండా. పైగా అది సమాధానం చెప్పలేదు, వరస చెప్పింది. ఆ మాటకొస్తే డిస్కు వచ్చిన రోజు, కోతలు మొదలైన రోజు కాగితం మీద రాసుకున్నా నాకు తెలిసి ఉండేది. రాసుకోలేదు, అది రాసుకుంది.

మరి డెబియన్ 12 తీసుకోవచ్చా అంటే నా సంగతి చెబుతాను. పాత యంత్రం, ఒకటే పని, తీరిక ఉన్న వయసు. నాకు సరిపోయింది. రేపు పొద్దునే ఆఫీసుకు నివేదిక పంపాల్సినవారు నాలాగా నెల రోజులు లాగ్ చదువుతూ కూర్చోలేరు. అటువంటివారు ఇంట్లో రౌటర్‌కు నేరుగా తగిలించే లాన్ తీగ ఒకటి ఉంచుకుని అప్‌గ్రేడ్ చేయడం మంచిది. పవర్ సేవింగ్‌ను నేను ఇప్పటికీ ఆపే ఉంచాను. అది పనిచేసిందని కాదు, బ్యాటరీ ఎలాగూ ఇరవై నిమిషాలకు మించి నిలవదు. 2025 ఆగస్టులో 13 వచ్చింది. 12కు మామూలు మద్దతు 2026 జూన్ దాకా ఉంది, పిల్లల పరీక్షలు మార్చిలో. అవి అయ్యాక చూస్తాను. ఈసారి విడుదల పత్రం ప్రింటు తీసి పెట్టుకున్నాను, పెన్సిలు గీతలు కూడా పడ్డాయి.

నెట్ కుర్రవాడు నెల డబ్బులకు వచ్చినప్పుడల్లా, ‘‘ఇప్పుడు బాగుంటోందా మాస్టారూ?’’ అని అడుగుతాడు. ‘‘బాగుంది నాయనా’’ అంటాను. రౌటర్ మార్చడం వల్లే బాగుపడిందని అతని నమ్మకం. ఇంకా చెప్పలేదు.