పిన్ను పుల్లరు: పదకొండు నెలల వాడకం తర్వాత

గూడ్సు వ్యాగన్ కప్లరును (పక్క వ్యాగన్‌కు తగిలించే కొక్కేన్ని) యోకుతో (దాన్ని వ్యాగన్ కింద పట్టి ఉంచే ఉక్కు చట్రంతో) కలిపి ఉంచే పిన్ను, కింది ఆధారపు పలక విప్పగానే తన బరువుకు తానే జారి రావాలి. అలా బుద్ధిగా వచ్చినవి నేను చూసింది తక్కువ. మా వైపు, రామగుండం నుంచి కాజీపేట దాకా, తిరిగేవి ఎక్కువగా బొగ్గు బండ్లు. బొగ్గుపొడి వాననీటితో కలిసి పిన్ను చుట్టూ పేరుకుంటుంది, దానికి తుప్పు తోడవుతుంది. ఇన్నాళ్లూ దీనికి మందు సమ్మెటే. రెండు దెబ్బలు పిన్నుకు, ఒకటి పక్కవాడి చేతికి. అప్పటికీ కదలకపోతే గ్యాస్ మంట. వేడికి యోకు ఉక్కు పదును చెడుతుందని తెలిసే పెట్టేవాళ్లం.

ఇప్పుడు వాడుతున్న పిన్ను పుల్లరు నూనె ఒత్తిడితో పనిచేస్తుంది: 30 టన్నుల సిలిండరు, 700 బార్ (బార్ ఒత్తిడి కొలత) హ్యాండ్ పంపు. ఫ్రేము యోకును పట్టుకుంటుంది, రామ్ (సిలిండరులోంచి బయటికి వచ్చే కడ్డీ) పిన్నును నెడుతుంది. రామ్ వెనుక ఉన్నది అరచేతి కన్నా చిన్న ముఖమే, 42 చదరపు సెంటీమీటర్లు. ఆ కాస్త చోటు మీద 700 బార్ పడితే 30 టన్నుల తోపు వస్తుంది. గేజి ముల్లు సగం దాటాక ఎక్కడో టప్పుమని శబ్దం, ఆ తర్వాత పిన్ను వెన్నలా వస్తుంది. కింద చెక్క దిమ్మె పెట్టడం మరవకండి, అది పాదం మీద పడితే సెలవు చీటీ రాయాల్సిందే.

ఇక తిట్లు. మూడో నెలలోనే రామ్ సీలు (నూనె బయటికి రాకుండా ఆపే వలయం) కారింది. తయారీదారుకు ఫోను చేస్తే ఐదు వారాలు ‘పంపుతున్నాం’ అన్నారు. సీలు కొలత పుస్తకంలో ఎక్కడా లేదు. చివరకు పాతది పట్టుకుపోతే, వరంగల్‌లో జాకీలు బాగుచేసే ఒక పెద్దాయన చేత్తో తడిమి చూసి, జోడీ సీలు తీసి ఇచ్చారు. హోసు పైపు మరీ పొట్టి, పంపు కొట్టేవాడు వ్యాగన్ కిందే కూర్చోవాలి. ఏప్రిల్ ఎండలో ఆ చోటు ఎలా ఉంటుందో డిజైను చేసినవారికి తెలియదనుకుంటాను. మేము పొడుగు హోసు వేరుగా కొనుక్కున్నాం.

హోసు దగ్గర తడి కనిపిస్తే వేలితో వెతకకండి. ఆ ఒత్తిడిలో సన్నని నూనె ధార చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది. ముందు ఒత్తిడి దించండి, తర్వాత అట్టముక్కతో చూడండి.

ధర ఎక్కువే. అయినా మళ్లీ ఇదే కొంటాను, రెండు సీలు కిట్లు ముందే చేతిలో పెట్టించుకుని.