‘తిన్నావా’ పాఠం మూడుసార్లు విన్నా

చీమకుర్తిలో గ్యాలక్సీ గ్రానైట్ యార్డులో లోడింగ్ చూసుకుంటా. రాయి కొనడానికొచ్చే చైనా వాళ్లతో నాలుగు మాటలు కలుపుదామని, వాళ్ల విద్యార్థుల కోసం చేసిన ఇంగ్లీషు ఆడియో పాఠాలు కొన్నా. డబ్బులు దండగ కాలేదు. బస్సు, బజారు, ఆస్పత్రి పాఠాలు మామూలే. ఒక్కటి మాత్రం మూడుసార్లు విన్నా: చైనాలోనూ మనలాగే ‘తిన్నావా’ అని పలకరిస్తారంట! ఇంగ్లీషులో అలా అడిగితే భోజనానికి పిలుస్తున్నారనుకోవచ్చంట. గుమ్మంలోకి ఎవరొచ్చినా ముందు అదే అడిగే మా అమ్మ గుర్తొచ్చింది. అతను, ఆమె రెంటికీ చైనా వాళ్లు పలికేది ‘తా’ అనే. అందుకే ‘హీ’, ‘షీ’ తారుమారవుతాయి. మొన్నొకాయన వాళ్లావిడ ఫొటో చూపించి ‘హీ’ అన్నాడు, ఇట్టే అర్థమైంది. బేరాలు, కొలతల మీద మాత్రం ఒక్క పాఠమూ లేదు. అవీ చేర్చాలి.