బొగ్గు పూసుకున్న రూడీ కోసం

మార్కస్ జూసక్ నవల ‘ది బుక్ థీఫ్’లో కథంతా లీజెల్ అనే అమ్మాయిది. నాకు మాత్రం పక్కింటి రూడీ స్టైనరే మనసులో ఉండిపోయాడు. నాజీ జర్మనీలో, మ్యూనిక్ దగ్గర ఓ కల్పిత ఊళ్లో దర్జీ కొడుకు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో అమెరికా నల్లజాతి పరుగుల వీరుడు జెస్సీ ఓవెన్స్ నాలుగు స్వర్ణాలు కొట్టాడని, ఒంటినిండా బొగ్గు పూసుకుని ఖాళీ మైదానంలో వంద మీటర్లు పరిగెడతాడు. కామెంటరీ కూడా వాడిదే!

తర్వాత వాళ్ల నాన్న ఒక చేత్తో సైకిలు, ఇంకో చేత్తో వీణ్ణీ పట్టుకుని ఇంటికి నడిపిస్తాడు. ఆ దారిలో మాటల కోసమైనా ఈ లావుపాటి పుస్తకం కొనొచ్చు. నల్లవాళ్లలా, యూదుల్లా ఉండాలని కోరుకోకూడదంటాడు నాన్న. యూదులంటే ఎవరని వీడు. మనం నీకు బూట్లు కొన్నాం చూడు, ఆ కొట్టాయన యూదుడే అని నాన్న. అలాగా, యూదుడవ్వాలంటే డబ్బు కట్టాలా, లైసెన్సు కావాలా?

మొదటిసారి పకపకా నవ్వాను. రెండోసారి నా చూపంతా నాన్న మీదే. దుర్మార్గుడేం కాదు. నాజీ పార్టీ సభ్యుడు, అరడజను మంది పిల్లలు, భయం. యూదుల కొట్లు మూతపడితే పోటీ తగ్గిందని లోలోపల కాస్త ఊరట, ఆ ఊరటకి సిగ్గు. కొడుకు నీలికళ్లని ‘భద్రమైన కళ్లు’ అంటాడు. ద్వేషం ఇంత ముద్దుగా, మంచి మాటలా పిల్లల చెవిలో పడుతుందని ఇంత సూటిగా నేనింకెక్కడా చదవలేదు.

లోపాలున్నాయి. కథ చెప్పే మృత్యువు మాటిమాటికీ అడ్డొచ్చి విసిగిస్తుంది, ఎవరు పోతారో ముందే చెప్పేస్తుంది. ఓవెన్స్‌ని సొంత దేశంలో, ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో తెల్ల విద్యార్థులతో పాటు క్యాంపస్‌లో ఉండనివ్వలేదు. ఆ సంగతి తెలిసి చదివితే రూడీ పూసుకున్న బొగ్గు, కడిగితే పోయే రంగు కదా అనిపిస్తుంది. నవల ఆ వైపు వెళ్లదు.

నవల్లో తర్వాత హిట్లర్ యూత్ (నాజీల యువజన దళం) పోటీల్లో రూడీ మూడు పరుగులు గెలిచి, నాలుగోదాంట్లో కావాలనే అనర్హుడవుతాడు. నాలుగోది ఓవెన్స్‌కే వదిలేశాడని నేనంటాను. ఆ యూనిఫామ్ వాళ్ల ముందు అన్నీ గెలవడం ఇష్టం లేకేనని మా అమ్మాయి. పుస్తకం మూసి నెల దాటింది, ఇంకా తేలలేదు.