విదేశాలకి పచ్చళ్ల పార్సిల్ పంపేవాళ్లు జాగ్రత్త: వేబిల్ (పార్సిల్ మీద అంటించే వివరాల కాగితం) మీద ఏం రాశారో చూశాకే డబ్బు కట్టండి

బయటి దేశంలో ఉన్న భర్తకో, కాబోయే భర్తకో, చదువుకునే పిల్లలకో పచ్చళ్లు, పొడులు పంపేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. "ఇంటికొచ్చి తీసుకెళ్తాం, ప్యాకింగ్ ఫ్రీ, ఐదారు రోజుల్లో డెలివరీ, కస్టమ్స్ టెన్షన్ మాకొదిలేయండి" అంటూ వాట్సాప్‌లో తిరిగే కొరియర్ ఏజెన్సీల్లో ఒకదానికి మేము బాక్సు అప్పగించాం. నెల దాటాక సగం సరుకు చేరింది. ఆ సగం విడిపించుకోవడానికి కూడా అక్కడ మళ్లీ డబ్బు కట్టాల్సి వచ్చింది.

ఏజెన్సీ పేరు రాయడం లేదు. ఫిర్యాదు నడుస్తోంది. పైగా ఈ పేరు చెడిపోతే ఇంకో పేరుతో బోర్డు పెట్టుకోవడం వాళ్లకి ఒక పూట పని. కాబట్టి వాళ్ల పద్ధతి ఎలా ఉంటుందో చెప్తాను, ఎక్కడ కనిపించినా గుర్తుపట్టండి.

మా ఆయన జర్మనీలో కెమ్నిట్స్‌లో ఉద్యోగం చేస్తున్నారు. నా వీసా ఇంకా రాలేదు, నేను విజయవాడలోనే ఉన్నాను. ఆయనకి వంట రాదు. కుక్కర్లో అన్నం పెట్టుకుంటారు, గుడ్లు ఉడకబెట్టుకుంటారు, అక్కడితో సరి. పోపు వేయమంటే పొగకి అలారం మోగుతుందని భయం (ఒకసారి మోగింది కూడా లెండి). ఆదివారం అక్కడ సూపర్ మార్కెట్లు మూసేస్తారు. శనివారం సరుకులు తెచ్చుకోవడం మర్చిపోతే మర్నాడంతా బ్రెడ్డే.

అందుకే అన్నం ఒక్కటి వండుకుంటే పూట గడిచిపోయేలా బాక్సు సర్దాం. చింతపండు గుజ్జు నూనె పైకి తేలేదాకా మరగబెట్టి, పోపు అంతా అందులోనే వేసి, పులిహోర పులుసు చేశాను. వేడన్నంలో రెండు స్పూన్లు కలుపుకుంటే అయిపోతుంది. బొంబాయి రవ్వ కమ్మగా వేయించి, ఆవాలు, మినప్పప్పు, ఎండు కరివేపాకు పోపు పెట్టి, ఉప్పు కూడా కలిపేసి చల్లారాక కవర్లలో కట్టాను. మరిగే నీళ్లు పోసి మూత పెడితే ఉప్మా. ఇవి కాక కందిపొడి, నువ్వులపొడి, గోంగూర, పోయిన ఏడాది ఆవకాయ, జంతికలు. చివర్లో మా అత్తయ్యగారు కాచిన నెయ్యి ఒక సీసా. కందిపొడి పంపి నెయ్యి పంపకపోతే ఆవిడ ఊరుకోరు.

ఆ నెయ్యి గురించి బుక్ చేసే ముందే ఏజెన్సీని అడిగాను. "రోజూ పంపుతున్నాం మేడమ్, చికెన్ పచ్చడి కూడా పోతుంది, మీరేం కంగారుపడకండి" అని వాయిస్ మెసేజ్ పెట్టారు. అది ఇంకా నా దగ్గర ఉంది. అసలు సంగతి ఏమిటంటే, యూరోపియన్ యూనియన్ దేశాలకి బయటి నుంచి వెళ్లే పార్సిళ్లలో మాంసం, పాలు, వాటితో చేసిన సరుకులు మామూలు జనం పంపడానికి వీల్లేదు. నెయ్యి, పనీర్, పాలకోవా, కోడి పచ్చడి, చికెన్ పొడి ఏదైనా అంతే. ఇంట్లో చేసిందని, కొంచెమేనని చెప్పినా ఒప్పుకోరు. ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లకి ఇది తెలియకపోవడం ఉండదు. కాకపోతే నెయ్యి సీసా కూడా కిలో లెక్కలోకి వస్తుంది కదా, వద్దని ఎందుకంటారు?

ఇక తూకం సంగతి. మా ఇంట్లో పికప్ కుర్రాడి త్రాసు మీద బాక్సు 11 కిలోలు తూగింది. మర్నాడు ఫోన్ చేసి 16 కిలోలకి కట్టమన్నారు. ఇదేంటంటే "వాల్యూమెట్రిక్ మేడమ్" అన్నారు. ఆ లెక్క నిజంగానే ఉంది. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. వచ్చిన అంకె, అసలు తూకం, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి చార్జీ. అంతర్జాతీయ కొరియర్లు మామూలుగా వాడే లెక్కే ఇది. జంతికలు, పేలాలు లాంటి తేలిక సరుకు పంపేవాళ్లకి దెబ్బ తగిలేది ఇక్కడే.

కానీ మా పెట్టె 40, 35, 35. అంటే 9.8 వస్తుంది, 11 కిలోలకే కట్టాలి. వాళ్లు మా పెట్టె విప్పి, "సేఫ్టీ కోసం" అని 50, 40, 40 ఉన్న అట్టపెట్టెలోకి మార్చారు. సరిగ్గా 16. ఫ్రీ ప్యాకింగ్ అంటే ఇదన్నమాట! పైగా నేను మూత చుట్టూ టేపు వేసి, ఒక్కో డబ్బాని రెండేసి కవర్లలో కట్టి ఇచ్చిన పచ్చళ్లని, డబ్బాలు బరువని తీసేసి పల్చటి కవర్లలో పోసి సీల్ చేశారు. ఇది నాకు చెప్పలేదు. అక్కడ పెట్టె విప్పినప్పుడు మా ఆయన పంపిన ఫోటోలో చూశాను.

అసలు మోసం ఇప్పుడు చెప్తాను. డబ్బు కట్టాక వాళ్లిచ్చిన ట్రాకింగ్ నంబరు వాళ్ల సొంత వెబ్‌సైట్లో తప్ప ఇంకెక్కడా పనిచేయదు. ఎన్నిసార్లు చూసినా "ప్రాసెసింగ్" అనే ఉంటుంది. బాగా గొడవ పెట్టుకుంటే, నిజంగా విమానంలో తీసుకెళ్లే కంపెనీ వేబిల్ ఫోటో పంపారు. అందులో పంపినవాళ్ల పేరు నాది కాదు, ఢిల్లీలో ఏదో ట్రేడింగ్ కంపెనీది. లోపల ఉన్న సరుకు: కాటన్ బట్టలు.

దీనివల్ల ఏమవుతుందో చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. 2021 జులై నుంచి ఈయూ దేశాల్లో బయటి నుంచి వచ్చే చిన్న సరుకుకి కూడా దిగుమతి వ్యాట్ పడుతుంది. దాన్నుంచి మినహాయింపు ఉన్నది కానుకలకి. ఒక మనిషి ఇంకో మనిషికి, డబ్బు తీసుకోకుండా, సొంత వాడకానికి అప్పుడప్పుడూ పంపేదై, విలువ 45 యూరోల లోపు ఉంటే పన్ను లేదు. మన డబ్బులో నాలుగున్నర వేల పైచిలుకు. ఇంట్లో చేసిన పొడులు, పచ్చళ్లకి ఆ విలువ బాగానే సరిపోతుంది. కానీ పంపినవాళ్ల చోట కంపెనీ పేరు పడిందంటే అది కానుక కాదు, వ్యాపార సరుకు. నేను మా ఆయనకి పంపిన గోంగూర, ఎవరో ఎగుమతిదారుడు అమ్మిన చొక్కాలైపోయింది.

కాటన్ బట్టలని రాసి ఉన్న పెట్టెలోంచి నూనె కారి, గోంగూర వాసన వస్తుంటే ఏ కస్టమ్స్ ఆఫీసరు తెరవకుండా వదిలేస్తాడు? ఆపేశారు. మా ఆయనకి జర్మన్‌లో ఉత్తరం వచ్చింది: లోపల ఉన్నవాటి వివరాలు, బిల్లులు చూపించమని. తను బట్టలు ఆర్డర్ చేయలేదని, పంపింది తన భార్య అని, ఈ కంపెనీ ఎవరో తనకి తెలియదని ఆయన రాసి, మా పెళ్లి సర్టిఫికెట్ దగ్గర్నుంచి నా వాట్సాప్ చాట్ దాకా అన్నీ జతచేశారు. ఆఫీసుకి సెలవు పెట్టుకుని మరీ తిరిగారు. నెయ్యి, నూనెలో నానిపోయినవి తీసేశారు. మిగిలినదానికి పన్ను, కొరియర్ కంపెనీ హ్యాండ్లింగ్ చార్జీలు అని ఇంకో మొత్తం కట్టించుకున్నారు. ఆ ఆఫీసులో మాట్లాడినవాళ్లు మర్యాదగానే ఉన్నారట. కాగితంలో ఉన్నది ఒకటి, పెట్టెలో ఉన్నది ఒకటి అయితే వాళ్లేం చేస్తారు పాపం.

చేరింది ఇదీ: ఉప్మా రవ్వ, పులిహోర పులుసు, కందిపొడి, ముక్కలైన జంతికలు. నువ్వులపొడి గోంగూర నూనె పీల్చుకుని ముద్దయింది.

"కస్టమ్స్ మేమే చూసుకుంటామన్నారుగా" అని ఏజెన్సీని అడిగితే "అక్కడి గవర్నమెంట్ వేసేదానికి మాకు సంబంధం లేదు" అన్నారు. ఇన్సూరెన్స్ అని విడిగా తీసుకున్న డబ్బు మాటేంటంటే ఇంకా అన్యాయం. ఇన్సూరెన్స్ చేసింది కాటన్ బట్టలకి, పోయింది పచ్చళ్లు. క్లెయిమ్ ఎక్కడ నిలుస్తుంది?

ఇంకో రెండు విషయాలు. బుక్ చేసేటప్పుడు నా ఆధార్ కాపీ తీసుకున్నారు. వేబిల్ మీద నా పేరే లేనప్పుడు ఆ కాపీ దేనికి వాడారు? వేరేవాళ్ల పెట్టె మీద నా ఆధార్ పెట్టలేదని నమ్మకం ఏంటి? మీరిచ్చేటప్పుడు మాస్క్ చేసిన ఆధార్ (చివరి నాలుగు అంకెలే కనిపించేది) ఇవ్వండి. కాపీ మీద అడ్డంగా తేదీ, ఏ పార్సిల్ కోసమో రాసి సంతకం పెట్టండి. రెండోది, పెట్టె ఆగి ఉన్న రోజుల్లో మా ఆయన ఫోన్‌కి "మీ పార్సిల్ విడుదలకి కొద్దిపాటి ఫీజు కట్టండి" అని లింకుతో మెసేజ్ వచ్చింది. అది దొంగ మెసేజ్. అలాంటి లింకులు నొక్కకుండా, ఉత్తరంలో ఉన్న ఆఫీసుకే ఫోన్ చేసి కనుక్కోమనండి.

మీరు ఇప్పుడే పంపబోతుంటే, డబ్బు కట్టే ముందు మూడు ప్రశ్నలు వాట్సాప్‌లో రాసి అడగండి, ఫోన్లో కాదు. పంపినవాళ్ల చోట నా పేరే ఉంటుందా? సరుకు వివరాల్లో ఒక్కొక్కటీ ఉన్నదున్నట్టు రాస్తారా? అసలు కంపెనీ ట్రాకింగ్ నంబరు ఎప్పుడిస్తారు? "అలా రాస్తే ఆపేస్తారు మేడమ్, మేము వేరేగా రాస్తాం" అన్నారంటే అక్కడే నమస్కారం పెట్టేయండి. పెట్టె మూసేముందు లోపలివి, టేపు వేశాక కొలతలు కనిపించేలా పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీసుకోండి. నా ఫిర్యాదుకి బలం ఆ ఫోటోల వల్లే వచ్చింది.

నేను తర్వాతి బాక్సు పోస్టాఫీసులో ఇచ్చాను. అక్కడ సీఎన్ 23 అనే కస్టమ్స్ ఫారం ఉంటుంది. మన చేత్తో మనమే నింపుతాం: కందిపొడి ఇంత, విలువ ఇంత, కానుక అని. నెయ్యి పెట్టలేదు. ఆయన అక్కడ బటర్ కొని కాచుకోవడం వీడియో కాల్‌లో నేర్చుకుంటున్నారు, అలారం ఇంకా మోగలేదు. కొత్త ఆవకాయ మాత్రం ఎవరి ద్వారా అయినా సరే పంపకండి. కలిపిన కొత్తలో ఊట ఊరి కవరు ఉబ్బుతుంది. ముక్క మగ్గి, నూనె సర్దుకున్నాకే కట్టండి.

అమెరికాకి పంపేవాళ్లకి ఒక మాట. "800 డాలర్ల లోపు డ్యూటీ ఉండదు" అని ఇంకా చెప్పే ఏజెంట్లు ఉన్నారు. ఆ వెసులుబాటుని 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకీ ఎత్తేశారు. అప్పట్లో మన తపాలా శాఖ కూడా అక్కడికి చాలావరకు బుకింగ్ ఆపేసి, అక్టోబరు 15 నుంచి మళ్లీ మొదలుపెట్టింది. ఇంట్లో చేసి సొంతవాళ్లకి కానుకగా పంపే తిండికి అక్కడి ఎఫ్‌డీఏకి (తిండి, మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ) ముందస్తు నోటీసు అక్కర్లేదు, కొట్లో కొన్నదానికి కావాలి. అందుకే స్వగృహ ఫుడ్స్‌లో కొన్న ప్యాకెట్లని కూడా "హోమ్‌మేడ్" అని రాసేస్తుంటారు. ఒప్పుకోకండి. దుబాయ్, సింగపూర్ పంపేవాళ్లు మసాలా పొడుల్లో గసగసాలు లేకుండా చూసుకోండి, ఆ రెండు చోట్లా అవి నిషిద్ధం.

ఇప్పటికే మోసపోయినవాళ్లు ఊరుకోకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయండి. రసీదు వెనక "వివాదాలు ఢిల్లీ కోర్టు పరిధిలో" అని అచ్చు వేసి భయపెడతారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు, ఈ-జాగృతి అనే ప్రభుత్వ వెబ్‌సైట్లో ఇంట్లోంచే వేయవచ్చు. నేను 1915కి చేసిన తర్వాత ఏజెన్సీవాళ్లు మొదటిసారి వాళ్లంతట వాళ్లు ఫోన్ చేశారు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే సగం డబ్బు ఇస్తామంటున్నారు. మొత్తం కావాలని, ఆ మాటేదో మెయిల్‌లో రాసి పంపమని చెప్పాను. మెయిల్ ఇంకా రాలేదు. వచ్చే వారం కమిషన్‌లో కేసు వేస్తున్నాను.