డొడోనా ఓక్ చెట్టు, యోఆనినాలో దుప్పటి తగాదా

వాయవ్య గ్రీసులోని యోఆనినా పట్టణంలో రాత్రికి 62 యూరోల చొప్పున గది అద్దె తీసుకున్న యజమాని, మేము ఖాళీ చేసే వేళ, అల్మరాలో ఉండవలసిన రెండో దుప్పటి కనబడటం లేదని మరో 25 యూరోలు అడిగాడు. ఆ దుప్పటిని మేము చూడనైనా లేదని, కావాలంటే పెట్టెలు వెతుక్కోమని మా ఆవిడ ఎంత చెప్పినా ఆయన చెవికెక్కలేదు. పాస్‌పోర్టులు ఆయన బల్ల మీదే ఉండిపోవడంతో డబ్బు చెల్లించక తప్పలేదు. రసీదు అడిగితే భుజాలెగరేశాడు. ఆ ఊరి సరస్సూ, కోటా బాగున్నాయనే చెప్పాలి.

మేము చూడాలనుకున్న ప్రాచీన గ్రీకు దేవస్థలం డొడోనా అక్కడికి 22 కిలోమీటర్లు. బస్సులను నమ్ముకోలేక, నిరీక్షణతో సహా రానూపోనూ 55 యూరోలకు టాక్సీ మాట్లాడుకున్నాము. దారి పొడుగునా మా ఆవిడ నోరు విప్పలేదు.

తొమారోస్ కొండ కింద, జియస్ దేవుడు ఓక్ చెట్టులో కొలువుండి ఆకుల గలగలలో జవాబు చెబుతాడని ప్రాచీన గ్రీకులు నమ్మిన చోటు అది. కాళ్ళు కడుక్కోకుండా కటిక నేల మీద పడుకునే అక్కడి పూజారుల ప్రస్తావన హోమర్ ప్రాచీన కావ్యం ఇలియడ్‌లోనే ఉంది. చాలా కాలం వరకు చెట్టే గుడి. రాతి ఆలయం క్రీ.పూ. 4వ శతాబ్దంలో గాని రాలేదు, అదీ చిన్నది. పాత చెట్టును క్రీ.శ. 4వ శతాబ్ది చివర నరికివేశారు, ఇప్పుడున్నది తరువాత నాటినది. సుమారు 17,000 మంది పట్టే రంగస్థలాన్ని అందరూ పొగుడుతారు గాని, నన్ను ఆకట్టుకున్నది భక్తులు తమ ప్రశ్నలను గీకి సమర్పించిన సీసపు రేకుల కథ. పెళ్ళి, సంతానం, వ్యాపారం గురించి అడిగినవారే ఎక్కువ. ఆగిస్ అనే అతను మాత్రం, పోయిన తన దుప్పట్లనూ దిండ్లనూ బయటివారెవరైనా ఎత్తుకుపోయారా అని జియస్‌నూ ఆయన దేవేరి డియోనీనీ అడిగాడు. ఈ మాట చెప్పగానే మా ఆవిడ ఫక్కున నవ్వింది. మన యజమాని కూడా ఇక్కడికే వచ్చి అడిగి ఉండవలసిందని అన్నది.

ఆ రేకులను 2023లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చారు. యోఆనినా పురావస్తు ప్రదర్శనశాలలో వాటిని ముందుగా చూసి డొడోనాకు వెళ్ళడమే సరైన వరుస. లేకపోతే రంగస్థలం మెట్లకే సమయమంతా చెల్లిపోతుంది. టాక్సీవాడు గంట చాలునంటాడు, రెండు గంటలకు తక్కువ ఒప్పుకోవద్దు.